బాక్టీరియా దగ్గర టోపీ తీయాలి

పుయెబ్లా పట్నం,
మార్చి, దుమ్ము రేగుతున్న ఆదివారం

ఒరే ఫిదెన్సియో,

బస్సు డ్రైవరు క్రిస్పీన్ చేత నువ్వు మీ పీపాలోంచి నింపి పంపిన సీసా అందింది. అందడమేమిటి, పేలింది! వంటింట్లో సింకు కింద పెట్టి అటు తిరిగానో లేదో, మూత ఎగిరి పైకప్పుకు తగిలింది. లోపలి సరుకంతా గోడల మీదా, పుస్తకాల మీదా, నా వారపత్రికకు రాసుకున్న సంపాదకీయం మీదా చిమ్మింది. పక్కింటావిడ ముక్కు మూసుకుని వచ్చి "ఎవరు పోయారండీ?" అని పరామర్శించింది. మిగిలింది పారబోశాను. నా వంటిల్లేం మీ చెత్తగుట్ట కాదు.

సరే, పని మాట్లాడదాం. మలించె కొండ అడవిలో చెట్ల కింద కుళ్లిన ఆకుమట్టి ఉంది. దాన్ని తెచ్చి, తవుడూ బెల్లపు మడ్డీ కలిపి, గాలి చొరకుండా పీపాలో మాగబెడితే అందులోని బాక్టీరియా చెత్తను తిని మట్టి చేస్తుందని యూనివర్సిటీవాళ్ల వెంటపడి తెలుసుకున్నది నేను. మీకు రాసింది నేను. ఆ బాక్టీరియా మన ముత్తాతల కంటే ముందునుంచీ ఆ కొండ మీదే ఉంది. టెండరు లేదు, కమీషను లేదు. అందుకే మన మునిసిపల్ అధ్యక్షుడు దొన్ రుతీలియోకి అదంటే గిట్టదు.

న్యాయం ఎలా ఉందో చూడు. షల్తెన్కొ ఊరి నడిబొడ్డునున్నవాళ్లు తిని పారేస్తారు. పై పేటవాళ్లు కొని పారేస్తారు. పారేసిందంతా లోయలో ఉన్న మన కింది పేట నెత్తిన పడుతుంది. మన చిన్న చర్చి గుమ్మంలో నిలబడితే ఎదురుగా కనబడవలసిన మలించె శిఖరం ఇప్పుడు కనబడదు. అగ్నిపర్వతాన్నే దాచేసేంత చెత్త! పైగా ఆ రుతీలియో వెధవ 'శుభ్ర భవిష్యత్తు' కంపెనీతో కుమ్మక్కై, చుట్టుపక్కల పట్టణాల చెత్త కూడా మన లోయలోనే పోయిస్తాడట! నిండు సభలో అధికారదండం మీద చెయ్యేసి వాడన్న మాట గుర్తుందిగా? "సాన్ బర్తొలొ పండుగనాడు కింది పేట చర్చి గుమ్మంలోంచి శిఖరం కనబడితే కంపెనీని పంపించేస్తాను. కనబడకపోతే పేట ఖాళీ చెయ్యాలి." నువ్వు పుట్టిన ఇల్లు, నాన్న పుల్కె కల్లు పులియబెట్టిన కొట్టు, అమ్మ పెట్టిన జెముడు కంచె, అన్నీ ఆ చవట నోటిమాట మీద వేలాడుతున్నాయి.

పండుగ ఆగస్టులో. ఒక్క ముక్కలో రాయి. మలించె కనబడుతోందా, లేదా?

మీ అక్క,
హెర్మీనియా

*

షల్తెన్కొ, కింది పేట,
ఏప్రిల్, ఈస్టరు వెళ్లాక

ప్రియమైన అక్కకు,

ఇక్కడ అందరం క్షేమం. నీ మరదలు ఓబ్దూలియా మోకాలినొప్పి తగ్గింది. పంది బాగా ఒళ్లు చేసింది. శిఖరం సంగతంటావా, ఈ మధ్య మంచు కాస్త ఎక్కువగా పడుతోంది.

పీపాకి మాత్రం ఏ లోటూ లేదు. నాన్న కల్లుకొట్టులో అడుగుపెట్టే ప్రతివాడూ టోపీ తీసేవాడు గుర్తుందా? లోపల తిట్టకూడదు, పోట్లాడకూడదు. పులిసేది నొచ్చుకుంటే విరిగిపోతుందని నాన్న భయం. పీపాలో ఉన్నవారు కూడా పులిసేవారే గనక ఇక్కడా అదే మర్యాద పెట్టాం. అందుకే నీ ఉత్తరం పీపా దగ్గర చదవబోతే ఓబ్దూలియా లాక్కుని వీధిలోకి పట్టుకుపోయింది. "మీ అక్క నోరు పీపాలో పడిందంటే పేటంతా విరిగిపోతుంది" అంది.

ఇంకో మంచి కబురు. ఊళ్లో ప్రతిదానికీ ఒక ఉత్సవ పెద్ద ఉంటాడు కదా. సాన్ బర్తొలొకి ఒకడు, మేరీ మాతకి ఒకడు, చివరికి బాణసంచాకీ ఒకడు. ఏడాదంతా ఆ స్వామిని ఇంట్లో పెట్టుకుని, చూడవచ్చినవాళ్లకి కడుపునిండా పెట్టి, మరుసటేడు ఇంకొకరికి అప్పగిస్తాడు. మరి ఊరిని కాపాడవలసినవారు దిక్కూ మొక్కూ లేకుండా మునిసిపల్ షెడ్డులో పడి ఉంటే మనకు మర్యాదేనా? సభ పెట్టి, వారికీ ఒక ఉత్సవ పెద్దను ఎన్నుకున్నాం. చాలా మర్యాదస్తుడులే. బ్యాండుమేళంతో పీపాని ఇంటికి తీసుకెళ్లాడు. దీవించడానికి ఫాదర్‌గారొచ్చారు. పవిత్రజలం కొళాయిదే, అందులో క్లోరిన్ ఉంటుందని బడిపంతులు అడ్డుపడ్డాడు. అందుకని మూత మీద మాత్రం చిలకరించి ఊరుకున్నారు.

నీ సీసా పారబోశావని విని అందరూ చాలా బాధపడ్డారు. పేటకి పెద్దామె దొన్యా కాందీదా అయితే నీ కోసం కొవ్వొత్తి వెలిగించింది.

నీ తమ్ముడు,
ఫిదెన్సియో

*

పుయెబ్లా,
ఏప్రిల్ చివర

ఒరే దద్దమ్మా,

ఏప్రిల్లో మంచా? ఎండకి ఇక్కడ తారు కరుగుతుంటే మలించె మీద మంచా? ఎవరికి చెబుతావురా?

బాక్టీరియాని పట్టుకుని 'వారు' అంటావేమిటి? నేను పంపింది స్వామిని కాదు, పద్ధతిని! ఆ పీపాలోది పలచన చేసి, డబ్బాలతో గుట్ట మీద చల్లి, పారలు పట్టుకుని గుట్టను తిరగెయ్యమని అరటిపండు వలిచినట్టు రాశాను. చల్లారా? తిరగేశారా? నీ ఉత్తరంలో పార అన్న మాటే లేదు. బ్యాండు ఉంది, ఫాదరున్నాడు, కొవ్వొత్తి ఉంది. ఈ దేశంలో పేదవాడికి ఒక పనిముట్టు చేతికిస్తే దాన్ని పూజగదిలో పెట్టిస్తారు, పని మాత్రం కంపెనీకి పోతుంది. ఇన్నేళ్లుగా నేను రాస్తున్నదంతా అదే కదరా!

ఆ మర్యాదస్తుడైన సన్నాసెవడు? పీపాకి ఏం పెడుతున్నాడు? దాపరికం లేకుండా రాయి.

హెర్మీనియా

*

షల్తెన్కొ, కింది పేట,
మే నెల

గౌరవనీయురాలైన అక్కకు,

నీకు రక్తపోటు ఉందని మరిచిపోకు. కూర్చుని చదువు.

ఆ ఉత్సవ పెద్ద మొదట్లో నువ్వు చెప్పినట్టే తవుడూ మడ్డీ పెట్టాడు. చూడవచ్చిన పై పేట ఆడవాళ్లు బయటికెళ్లి ఏమన్నారో తెలుసా? "పెద్దరికం నెత్తికెత్తుకుని అతిథికి తవుడు పెడుతున్నాడమ్మా, పశువనుకున్నాడో ఏమో!" ఆ మాట పడి ఎవడుంటాడు చెప్పు? మర్నాడు టర్కీ కోడితో మోలె కూర వండించి, ఆ మిరపకాయల గుజ్జు ఒక గరిటె పీపాలో పోశాడు. ఆ తర్వాత మొక్కజొన్న పిండి పొట్లాలు కట్టి ఉడికించిన తమాలెలు. ఆ తర్వాత తీపిరొట్టె, చాక్లెట్టు. అతిథి తింటుంటే చూసేవాళ్లు పస్తుంటారా? ఊరంతా తిన్నారు. పళ్లేలూ గ్లాసులూ ప్లాస్టిక్కువి. అవెక్కడికి పోతాయి, గుట్టకే కదా.

అందువల్ల గుట్ట కొంచెం పెరిగింది.

అధ్యక్షుడు దొన్ రుతీలియో కూడా వచ్చాడు. టోపీ మాత్రం తియ్యలేదు. కంపెనీవాళ్ల తరఫున మూడంతస్తుల కేకు తెచ్చి, "కడుపారా తినండి" అని తనే పీపాలో వేశాడు. చాలా కలుపుగోలుగా ఉన్నాడు. మేం కూడా వాణ్ని ఊరికే అపార్థం చేసుకున్నామేమో అనిపించింది.

ఆ కేకు తర్వాతినుంచి వారికి ఒంట్లో నలతగా ఉంది. పీపాలోంచి పందికొవ్వూ వెనిగరూ కలిసిన వాసన వస్తోంది. పైన జిడ్డు తెట్టు కట్టింది. ఆకలి మందగించిందని ఉత్సవ పెద్ద, పాపం అతను, పుదీనా కషాయం పోయించాడు. గుణం లేదు. ఒక డబ్బా తీసి గుట్ట మీద చల్లి చూశాం. గుట్ట ఏమీ అనలేదు. కుక్కలు మాత్రం వచ్చి నాకాయి.

ఏం చెయ్యమంటావు?

ఫిదెన్సియో

(అంచున వేరే చేతిరాతలో) వదినా, నేను ఓబ్దూలియాని. ఆ మర్యాదస్తుడు ఈయనే. సభలో ఎవరూ అడక్కుండానే చెయ్యెత్తాడు. మోలె కోసం పందిని కూడా అమ్మేశాడు. నేను చెప్పానని అనకు.

*

పుయెబ్లా,
మే, కార్మికుల నెల, నీకు సిగ్గుండాలి

శ్రీ శ్రీ ఉత్సవ పెద్దగారి దివ్య సముఖానికి,

నువ్వేనన్నమాట! రెండు నెలలుగా "అతను", "ఆ మర్యాదస్తుడు" అని నాతో పొగిడించుకోబోయిన ఆ సన్నాసివి నువ్వేనన్నమాట!

విను. నీ ఇల్లు పోతోందిరా. పేట పోతోంది. ఆ రుతీలియో గాడు తుపాకీ తేలేదు, పోలీసుల్ని తేలేదు. కేకు తెచ్చాడు! నీ వెర్రి మర్యాదని కనిపెట్టి, దానిలోనే మూడంతస్తుల విషం దింపాడు. నువ్వు దణ్ణం పెట్టి పుచ్చుకున్నావు. నిన్ను ఓడించడానికి వాడికి కంపెనీ ఎందుకురా, బేకరీ చాలు.

బాక్టీరియా అతిథి కాదు. స్వామి కాదు. అవి కార్మికులు! మట్టిలో చీకట్లో పగలనక రాత్రనక పనిచేసే కూలిజనం. ఈ భూమ్మీద పేరు లేకుండా, జెండా లేకుండా పనిచేసే అసలైన శ్రామికవర్గం అదే. వాటికి కావలసింది పని. గుట్టనిండా పని పెట్టుకుని, వాటిని కుర్చీలో కూర్చోబెట్టి మోలె తినిపించావు. పనిచేసేవాణ్ని బద్ధకస్తుడైన బిషప్పుని చేసి పెట్టావు కదరా చవటా! కడుపునిండినవాడు చెత్తెందుకు తింటాడు? నువ్వు తింటావా?

ఈ ఉత్తరం సభలో చదువు. అక్షరం పొల్లు పోకూడదు. వాళ్లు కార్మికులు అన్న మాట పేటలో పిల్లాపాపలకి కూడా ఎక్కాలి. చదవకపోతే నేనే వచ్చి ఆ పీపా మీద ఎక్కి చదువుతాను, అది విరిగితే విరగనీ.

హెర్మీనియా

*

షల్తెన్కొ, కింది పేట,
జూన్, వానలు మొదలు

అక్కా,

నా మీద కోపం పోయిందనుకుంటాను. పోకపోయినా ఇది చదువు.

నీ ఉత్తరం సభలో చదివాను. పీపా అక్కడే ఉంది గనక తిట్లు వదిలేసి చదవాల్సొచ్చింది. వదిలేస్తే మిగిలింది కొంచెమే. కానీ "కార్మికులు" అన్న మాట దగ్గరికొచ్చేసరికి దొన్యా కాందీదా లేచింది.

"ఏమిటీ, వాళ్లు పనివాళ్లా?"

"అక్క అలాగే రాసిందమ్మా."

"పనివాళ్లయితే మొన్న కాలువ పూడిక తీసినప్పుడు శ్రమదానానికి ఎందుకు రాలేదు? అంతకుముందు బడి గోడ కట్టినప్పుడేరీ? నాకు డెబ్బై దాటాయి, నేను రాళ్లు మోశాను. వీళ్లు ఇంట్లో కూర్చుని తమాలెలు తింటున్నారా?"

అంతే. నిప్పంటుకుంది. ఇంటింటికీ ఒకరు శ్రమదానానికి రావాలి, రానివాణ్ని లాకప్‌లో పెట్టాలి అన్నది ఊరి కట్టుబాటు. నీకు తెలియంది కాదు. కావలివాడు ప్లాసిదో పేర్ల పట్టీ తీసి మూడుసార్లు పిలిచాడు. "బాక్టీరియా! ... బాక్టీరియా! ... బాక్టీరియా ఉన్నారా?" పీపా పలకలేదు. అడుగునుంచి ఒక బుడగ మాత్రం వచ్చింది. అది "ఉన్నాను" కిందకి వస్తుందా రాదా అని కాసేపు వాదించుకున్నాం. రాదని తేలింది.

అక్కా, పీపాని అరెస్టు చేశారు.

అధ్యక్షుడు తనే పరుగున వచ్చి ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. "చట్టం ముందు అందరూ సమానమే" అన్నాడు. నవ్వాపుకోలేక మీసం వణుకుతోంది. మూత బిగించి, పైన సీలు వేసి, చీకటి కొట్లో పడేశారు. పండుగ దాకా విడుదల లేదన్నాడు. లోపల ముందునుంచీ పోన్సియానో ఉన్నాడు, శ్రమదానం ఎగ్గొట్టిన పాత ముద్దాయి. వాడు కూడా "నేను పెద్దమనిషిని, వీళ్ల పక్కన పడుకోను" అని గొడవ చేశాడు.

ఉత్సవ పెద్దని నేను. నా అతిథి జైల్లో ఉన్నాడు. వీధిలో తలెత్తుకోలేకపోతున్నాను. గుట్ట అలాగే ఉంది. కంపెనీ మనుషులు వచ్చి మన గోడల మీద సున్నంతో గుర్తులు పెట్టి వెళ్లారు. మన ఇంటి మీద కూడా. ఓబ్దూలియా వాళ్లు వెళ్లగానే తుడిచేసింది. కానీ తుడిచిన మరక అలాగే ఉంది.

ఫిదెన్సియో

*

పుయెబ్లా,
జూన్, అత్యవసరం

తమ్ముడూ,

ఏడవకు. నేనున్నాను.

నాకు ఒక విషయం అర్థమైంది. వాడు అరెస్టు చేసింది పీపాని కాదు, ప్రత్యామ్నాయాన్ని! పేదల దగ్గర ఒక దారి కనబడితే దానికి సంకెళ్లు వేస్తారు. ఇది రాజకీయ ఖైదు. ఈ వారం పత్రిక మొదటి పేజీ అంతా అదే. "ఊపిరాడని ఖైదీని విడుదల చెయ్యండి!" టీచర్ల సంఘం మద్దతిచ్చింది. బేకరీ కార్మికుల సంఘం కేకు విషయం తెలిసి సిగ్గుపడుతూ మద్దతిచ్చింది. మానవ హక్కుల లాయరు దగ్గరికి వెళ్లాను. ఫారం నింపుతూ "ఖైదీ పూర్తి పేరు?" అన్నాడు. చెప్పాను. "వయసు?" అన్నాడు. "జీవరాశి పుట్టినప్పటినుంచీ" అన్నాను. "వృత్తి?" "కార్మికులు." "మొత్తం ఎంతమంది?" అని అడిగి, నా మొహం చూసి కలం పక్కన పెట్టాడు. నేను వదలలేదు. ఇప్పుడు పిటిషను వేస్తున్నాడు. న్యాయమూర్తి వచ్చే వారమే విడుదల ఉత్తర్వు ఇస్తాడని గట్టి నమ్మకం.

ఇరవై మందితో ఊరేగింపుగా వస్తున్నాను. బ్యానరు కుట్టించాను. ఆ వెధవ చేతే సీలు తీయిస్తాను.

మీ అక్క

*

షల్తెన్కొ,
జూలై, క్రిస్పీన్ బస్సు కదులుతుండగా

అక్కా,

రావద్దు! పిటిషను ఆపు! దణ్ణం పెడతాను, వాళ్లని విడిపించకు!

మొన్న పోన్సియానో విడుదలై తిన్నగా మా ఇంటికొచ్చాడు. టోపీ చేత్తో పట్టుకుని మర్యాదగా నిలబడ్డాడు. వాడలా నిలబడడం నేనెప్పుడూ చూడలేదు.

"ఫిదెన్సియో, ఆ పీపా నిట్టూరుస్తోంది" అన్నాడు.

"ఏడుస్తున్నారా?"

"కాదయ్యా. మొదట్లో కంపు భరించలేక కిటికీకి మూతి పెట్టి పడుకున్నాను. పోనుపోను తగ్గిపోయింది. ఇప్పుడు మీ నాన్న కల్లుకొట్టు వాసనొస్తోంది. నాకు జైల్లోంచి రావాలనిపించలేదు."

పరుగెత్తాను. ప్లాసిదో తాళం తీశాడు. నిజం అక్కా! పుల్లగా, తియ్యగా, వానకి తడిసిన అడవి వాసన. చీకటి, బిగించిన మూత, మోలె లేదు, కేకు లేదు, చూడవచ్చేవాళ్లు లేరు. నువ్వు మార్చిలో చెప్పిందే కదా, గాలి చొరకుండా మూసి మాగబెట్టమని! మేం రోజూ మూత తీసి వడ్డిస్తూ ఉంటే వాళ్లెలా బాగుపడతారు? వాడు శిక్ష అనుకుని వైద్యం చేశాడు.

ఇంకో సంగతి. ఖైదీల చేత రోజూ పొద్దున ఊరి పని చేయించాలని అధ్యక్షుడే ఎప్పుడో రూలు పెట్టాడు. ప్లాసిదో రూలు తప్పే మనిషి కాదు. మూత మీది సీలు కదపకుండా పీపా అడుగు బిరడా తీసి, రోజూ ఒక డబ్బా ఖైదీని కాపలాతో గుట్ట దగ్గరికి తీసుకొస్తున్నాడు. చల్లుతున్నాం. వాళ్లు శ్రమదానం చేస్తుంటే మేం గట్టున కూర్చుంటే బాగుంటుందా? పేటంతా పారలు పట్టుకుని దిగాం. ప్లాస్టిక్కు పళ్లేలు వాళ్లు తినరు గనక, వాటిని పండగ చేసుకున్న చేతులతోనే ఏరాం. పై పేట పళ్లేలు సంచుల్లో కట్టి పై పేట గుమ్మాల ముందు పెట్టొచ్చాం. కేకు అట్టపెట్టె అధ్యక్షుడి గుమ్మం ముందు.

గుట్ట వెచ్చగా ఉంది అక్కా. తెల్లారే సరికి ఆవిరి లేస్తోంది. ఇప్పుడు విడుదల చేశావంటే సంప్రదాయం ప్రకారం వారికి స్వాగత విందు పెట్టక తప్పదు. పెట్టానంటే మన పని అయిపోయినట్టే. నన్ను నేను నమ్మను. వాళ్లని జైల్లోనే ఉండనీ.

ఫి.

*

పుయెబ్లా,
జూలై

ఫిదెన్సియో,

పిటిషను వెనక్కి తీసుకున్నాను. లాయరు నాతో మాట్లాడ్డం లేదు. టీచర్ల సంఘంలో రెండు ముఠాలయ్యాయి. బ్యానరు మడిచి అటకెక్కించాను.

ఒక ఖైదీని విడిపించవద్దని రాయడం నా జన్మలో ఇదే మొదటిసారి. దీనికి సిద్ధాంతపరంగా ఏదో సమర్థన ఉండే ఉంటుంది. వెతుకుతున్నాను, ఇంకా దొరకలేదు.

మలించె కనబడుతోందా, లేదా?

హె.

*

షల్తెన్కొ, కింది పేట,
ఆగస్టు, సాన్ బర్తొలొ పండుగ మర్నాడు

అక్కా,

ఓబ్దూలియా పక్కనే కూర్చుని "నిమ్మళంగా రాయి, అన్నీ రాయి" అంటోంది. రాస్తాను.

పండుగ ముందురోజు గుమ్మంలో నిలబడి చూశాం. గుట్ట సగానికి పైగా దిగింది. కానీ శిఖరం కొసకి ఇంకా ఒక బారెడు అడ్డం ఉంది. అది చూసి అధ్యక్షుడు ఊరుకున్నాడా? రాత్రికి రాత్రి మనుషుల్ని పెట్టి గుట్ట మీద వేదిక కట్టించాడు! జెండాలు, పందిరి, మైకు. "గుట్ట గట్టిగా ఉందని లోకానికి చూపిస్తా. నా ప్రసంగం అక్కణ్నుంచే" అన్నాడు. ఎంత ఎత్తు పెంచితే అంత మంచిదని వాడి ఎత్తుగడ. తెల్లారేసరికి పందిరి కూడా కలిసి, శిఖరం మాట దేవుడెరుగు, ఆకాశమే సగం కనబడలేదు. ఓబ్దూలియా లోపలికి వెళ్లి గిన్నెలు గోనెలో కట్టడం మొదలుపెట్టింది. అది చూడలేక నేను బయటికొచ్చేశాను.

చర్చి గుమ్మంలో సాక్షిగా దొన్యా కాందీదాని కుర్చీ వేసి కూర్చోబెట్టాం. ఆమె కళ్లు ఊళ్లో అందరికంటే పదును. చూసింది చూసినట్టు చెబుతుందని అధ్యక్షుడే ఒప్పుకున్నాడు.

వేదిక మీదికి అధ్యక్షుడు ఎక్కాడు. కంపెనీ ఇంజనీరు ఎక్కాడు. చాలదన్నట్టు బ్యాండువాళ్లని కూడా ఎక్కించాడు. పెద్ద బాకా ఊదే లావుపాటి గుమెర్సిందో చివర ఎక్కాడు. అధ్యక్షుడు మైకు పుచ్చుకుని, "ఈ గుట్టలో ఏ మార్పూ లేదు! ఇది రాయిలా..." అన్నాడు.

గుట్ట నిట్టూర్చింది.

అక్కా, ఒట్టు. అందరం విన్నాం. పోన్సియానో నా పక్కనే ఉన్నాడు, "అదిగో, అదే నిట్టూర్పు!" అన్నాడు. పైన గట్టిగా కనబడుతోందే గానీ, లోపలంతా వాళ్లు తినేశారు. డొల్ల! పందిరి ఒక పక్కకి ఒరిగింది. జెండాలు మెల్లగా, చాలా మర్యాదగా, కిందికి దిగడం మొదలుపెట్టాయి. బ్యాండువాళ్లు వాయిస్తూనే దిగారు, డబ్బు ముందే పుచ్చుకున్నారు కాబట్టి. ఇంజనీరు ఒక్కడే దూకి పారిపోయాడు. మిగిలినవాళ్లు నడుందాకా దిగి ఆగారు. వెచ్చటి మెత్తటి నల్లమట్టి, ఎవరికీ దెబ్బ తగల్లేదు. గుమెర్సిందో బాకాలోంచి ఆవిరొచ్చింది. అధ్యక్షుడు చంకలదాకా దిగాడు. పైకి కనబడేది తల, తల మీద టోపీ.

"దొన్యా కాందీదా! కనబడుతోందా?" అని అరిచాం.

ఆమె కళ్లు చికిలించింది. ఎంతసేపు చూసిందో! ఓబ్దూలియా గోనె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి ఆగిపోయింది.

"అబద్ధం చెప్పను నాయనా" అంది ముసలమ్మ. "కొస కనబడ్డం లేదు. అక్కడ అధ్యక్షుడి టోపీ కనబడుతోంది."

మొత్తం పేటకీ అగ్నిపర్వతానికీ మధ్య ఒక టోపీ!

అప్పుడు ప్లాసిదో, ఏ ఆవేశం లేని మనిషి, లాఠీ చంకన పెట్టుకుని గుట్ట దగ్గరికి నడిచాడు. "దొన్ రుతీలియో, మన్నించండి. తమరు ఇప్పుడు వాళ్ల మధ్యలో ఉన్నారు. టోపీ తీయాలి."

"ఎవరి మధ్యలోరా?"

"బాక్టీరియా మధ్యలో. ఇక్కడ టోపీ తీయడం ఆచారం."

"తియ్యను!"

"టోపీ!" అన్నాడు పోన్సియానో. "టోపీ!" అంది దొన్యా కాందీదా. "టోపీ! టోపీ!" అని పేటంతా. నడుందాకా మట్టిలో ఉన్న బ్యాండువాళ్లు ఊరి మనుషులే కదా, వాళ్లు అప్పటికే తీసేశారు. గుమెర్సిందో అధ్యక్షుడి వైపు తిరిగి, "తియ్యండి బాబూ, వాళ్లు నొచ్చుకుంటే ఇంకా లోపలికి లాగుతారేమో" అన్నాడు. అప్పుడే వాడి కాళ్ల కింద ఏదో బుడగ కదిలినట్టుంది. మెల్లగా చెయ్యి పైకి తీసి టోపీ తీశాడు.

వాడి బట్టతల మీదుగా, తెల్లగా, మలించె.

"ఇప్పుడు కనబడుతోంది" అంది దొన్యా కాందీదా. లేచి తన కుర్చీ తనే తీసుకుని ఇంటికి వెళ్లిపోయింది.

నిండు సభలో అన్న మాట. దండం మీద చెయ్యేసి అన్న మాట. వాణ్ని పారలతో తవ్వి తీశాక అక్కడే, తలకి మట్టితోనే, కంపెనీతో రాసుకున్న ఒప్పందం కాగితం చింపించాం. ఓబ్దూలియా గోనె విప్పి గిన్నెలన్నీ మళ్లీ అటక మీద పెట్టింది. గోడ మీది సున్నం మరక మీద ఒక జెరేనియం కుండీ వేలాడదీసింది.

ఒక్కటే చిక్కు. పీపా పూర్తిగా ఖాళీ. చివరి డబ్బా కూడా పండుగనాడే గుట్టకి పోసేశాం. చెత్త రోజూ వస్తూనే ఉంటుంది కదా. మళ్లీ మాగబెడదామంటే వానలకి అడవి దారి కొట్టుకుపోయింది. తోడు పెట్టడానికి వాళ్లలో ఒక్క గరిటెడైనా ఎక్కడా లేదు. నీ సీసా ఉండుంటే! దొన్యా కాందీదా "ఆ పిల్ల పారబోసి ఉండదు" అని ఒకటే మొండిపట్టు. సభ కూడా ఆ మాటే నమ్మి, వచ్చే ఏటి ఉత్సవ పెద్దగా నీ పేరు రాసుకుంది. వద్దని చెప్పాను. వినలేదు.

నీ తమ్ముడు,
ఫిదెన్సియో

*

పుయెబ్లా,
సెప్టెంబరు

ప్రియమైన తమ్ముడికి,

ఉత్సవ పెద్దరికాలకు నేను వ్యతిరేకం. అది నీకూ తెలుసు, నా పాఠకులకూ తెలుసు. ఉన్నదంతా ఊడ్చి ఊరికి పెట్టి, ఆ అలసటని గౌరవం అనుకునే ఆచారం మీద నేను ఎన్ని వ్యాసాలు రాశానో నాకే గుర్తు లేదు. అవన్నీ నిజమని ఇప్పటికీ అంటాను. సభకు నా నిరసన తెలియజెయ్యి.

సీసా పారబోయలేదు.

మూత పేలిన రోజు తుడుచుకుని చూస్తే అడుగున సగం మిగిలింది. పారబోద్దామనే సింకు దగ్గరికి తీసుకెళ్లాను. చిన్నగా ఒక బుడగ లేచింది. నాన్న కొట్టులో మనిద్దరం పీపాలకి చెవి ఆనించి వినేవాళ్లం కదా, అలాంటి చప్పుడు. మూత గట్టిగా బిగించి, సింకు కింద చీకట్లో పెట్టేశాను. ఎప్పుడో గుర్తొస్తే ఒక చెంచా మడ్డి. అంతే. నాకు వంట రాదు గనక మోలె ప్రమాదం లేదు. ఇప్పుడు అడవి వాసన వస్తోంది. పక్కింటావిడ కూడా "ఏం పువ్వులండీ?" అని అడిగింది.

శనివారం క్రిస్పీన్ బస్సులో నేనే తీసుకొస్తాను, ఒళ్లో పెట్టుకుని. పీపా కడిగి ఉంచు. బ్యాండు వద్దు. సరే, గుమెర్సిందో ఒక్కడైతే రానీ. విందు మాత్రం వద్దు, ఓబ్దూలియాకి గట్టిగా చెప్పు. వాళ్లు పనికి వస్తున్నారు. పార ఒకటి నాకూ ఉంచు.

నేను దేవుణ్ని నమ్మను. ఇంట్లో కూడా ఆ ఉన్ని టోపీ తీయను, చలికి. అయినా సింకు తలుపు తీసేటప్పుడు మాత్రం తీస్తున్నాను. ఎందుకని నువ్వు అడగకు, నేనూ చెప్పను.

ఈ ఉత్తరం సీసా పక్కన కూర్చుని రాశాను. మళ్లీ ఒకసారి చదువుకో, ఓబ్దూలియాని కూడా చదవమను. పీపా దగ్గరే చదవచ్చు. రుతీలియో గురించి రాయవలసింది చాలా ఉంది. అది వీధిలోకి వెళ్లి వేరే కాగితం మీద రాస్తాను.

మీ అక్క,
హెర్మీనియా